ఇరవై ఆరో పువ్వు

ఆ శనివారం ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రెబెక్కా అన్నిటికంటే ముందు ఒక కాగితం మీద రాసుకుంది.

మాణిక్యాంబ, యాభై రెండేళ్ళు, లేసు పని. అల్లిన లేసులు ఏజెంటు ఇంట్లో ఇచ్చి రావడానికి ఒంటిగంటా యాభైకి బయల్దేరింది. ఆవిడ భర్త తాతాజీ, రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు మీద పని. అన్నం తిని ఒకటీ ఇరవైకే వెళ్ళిపోయాడు. తాతాజీ తండ్రి ముసలయ్య, ఎనభై దాటాయి. వెనక వసారాలో నులక మంచం మీద నిద్ర. శ్రీదుర్గ, పదేళ్ళు. ముందు గదిలో కిటికీ పక్కన చాప మీద కూర్చుని లేసు అల్లుకుంటోంది.

అంటే రెండు గంటలకి ఇంట్లో ఉన్నది ఇద్దరే. నిద్రపోతున్న ముసలాయన, మెలకువగా ఉన్న పిల్ల.

మూడుంబావుకి మాణిక్యాంబ తిరిగొచ్చేసరికి ముసలాయన ఉన్నాడు. పిల్ల లేదు.

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకునేసరికి గోడ గడియారంలో నాలుగూ ముప్పై ఐదయింది. నరసాపురంలోని ఆ ఇంటికి రెబెక్కా రావడం ఇది ఏడోసారి. పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ ఆఫీసులో ఆమె అధికారి. తల్లీ తండ్రీ పోయిన శ్రీదుర్గని ఆరు నెలల క్రితం పిల్లల సంక్షేమ కమిటీ ఈ ఇంటికి ఫోస్టర్ కేరుకి ఇచ్చింది. అది దత్తత కాదు. ఒక కుటుంబం పిల్లని తమ ఇంట్లో పెట్టుకుని పెంచుతుంది, పిల్ల బాగుందో లేదో కమిటీ కనిపెట్టి చూస్తూ ఉంటుంది. కమిటీ తరఫున వచ్చి చూసే మనిషి రెబెక్కా. ఆమె పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. పోయిన నెల జ్వరంతో వారం రోజులు మంచాన పడినా, ముందే సంతకం చేసి ఇచ్చిన కాగితాలతో ఒక్క పిల్ల దగ్గరికీ మనిషి వెళ్ళడం ఆగలేదని ఆఫీసులో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

"రండి రెబెక్కా గారూ," అన్నాడు ఎస్సై శ్రీనివాసరాజు, అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవకుండా. "మీరు ఏరి కోరి ఇచ్చిన ఇల్లు. చూశారుగా."

"ఇంకా చూడలేదండి. ఇప్పుడే వచ్చాను."

"చూడ్డానికేముంది? పిల్లని తెచ్చుకున్నారు, లేసు పనిలో పెట్టారు, అది భరించలేక పారిపోయింది. లేదంటే సోమవారం విచారణ ఉందని భయపడి వీళ్ళే ఎక్కడో దాచారు. రెండిట్లో ఏదైనా మాణిక్యాంబ స్టేషనుకి రావాల్సిందే."

"మూడోది కూడా ఉండొచ్చు కదండీ."

"ఏంటది?"

"తెలీదు. అందుకే చూస్తానంటున్నా."

రెబెక్కా గొంతు పెంచదు. ఎదుటివాడు ఎంత గట్టిగా మాట్లాడితే ఆమె అంత నెమ్మదిగా మాట్లాడుతుంది. చివరికి ఆమె మాట వినపడడం కోసం అవతలివాడే గొంతు తగ్గించుకోవాల్సి వస్తుంది. శ్రీనివాసరాజుకి ఆ సంగతి తెలుసు. తెలిసినా ఈసారీ తగ్గించాడు.

సోమవారం విచారణ తెచ్చిపెట్టిన మనిషి వాకిట్లోనే ఉన్నాడు. పేరు బుల్లిరాజు. తునిలో ఫ్యాన్సీ షాపు. శ్రీదుర్గకి సొంత మేనమామ. పిల్లని తనకి తిరిగి ఇప్పించమని కమిటీకి అర్జీ పెట్టుకున్నాడు. సరిగ్గా మూడింటికి తను ఇక్కడికి వచ్చాననీ, ఎంత పిలిచినా లోపల అలికిడి లేదనీ, ఐదు నిమిషాలు చూసి పోలీసులకి ఫోన్ చేశాననీ వాంగ్మూలం ఇచ్చాడు. ఈ ఇంటి మీద ఒక్క మచ్చ పడితే చాలు. పిల్లకీ తునికీ మధ్య అడ్డం ఇంకేమీ ఉండదు.

మాణిక్యాంబ గుమ్మంలో కూలబడి ఉంది. ఒళ్ళో దారం లేదు, సూది లేదు. అయినా వేళ్ళు అల్లుతూనే ఉన్నాయి.

"మీరు వెళ్ళేటప్పుడు వీధి తలుపు ఎవరు వేశారండి?" అడిగింది రెబెక్కా.

"అదే లోపల్నించి గొళ్ళెం పెట్టుకుందమ్మా. నేను వచ్చేసరికీ అలాగే ఉంది. కిటికీలోంచి పిలిచి పిలిచి, ఆఖరికి పెరటి వైపు నుంచి లోపలికొచ్చా."

"పెరటి తలుపు?"

"దగ్గరగా వేసుంది."

"బార్లా తీసి లేదా?"

"లేదమ్మా. గాలికి కొట్టుకోకుండా బయట కింద చెక్కముక్క కూడా పెట్టుంది. రోజూ నేను పెట్టినట్టే."

రెబెక్కా గదిలోకి వెళ్ళి చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చాప మీద లేసు పట్టీ ఉంది. రూపాయి బిళ్ళకి రెండింతలుండే పువ్వులు, ఒకదానికొకటి ఆనించి ఇరవై ఐదు, అన్నీ తెల్లవి. చివర ఇరవై ఆరోది సగంలో ఉంది. అది ఎర్ర దారం.

ఈ పట్టీ సంగతి రెబెక్కా తన నివేదికల్లో రాసింది. వచ్చిన మొదటి శనివారం పిల్ల ఏడుపు ఆపకపోతే మాణిక్యాంబ ఆ పిల్ల చేతికి సూది ఇచ్చి ఒక పువ్వు నేర్పింది. ఆ తర్వాత ప్రతి శనివారం ఒకటి. రెండోది మొదలుపెడితే ఆవిడే సూది లాక్కుని "ఇక పోయి ఆడుకో" అనేది. అమ్మకానికి కాదు. ఈ ఇంట్లో ఎన్ని వారాలున్నదో పిల్ల తనకి తాను గుర్తు పెట్టుకునే పద్ధతి అది.

"ఇదిగోండి పని," అన్నాడు శ్రీనివాసరాజు వెనక నుంచి. "బాల కార్మికురాలు. కళ్ళెదురుగా సాక్ష్యం."

"వారానికి ఒక్క పువ్వండి. మీ ఇంట్లో పిల్లలు వారానికి ఎన్ని బొమ్మలు గీస్తారు?"

"మా పిల్లలు గీసినవి ఎవరూ కొనరు."

"ఇవీ ఎవరూ కొనలేదండి."

ఆమె చూపు పువ్వుల మీద లేదు. అల్లికలో చివరి కన్ను మీద, అంటే సూదికి తగిలించే ఆఖరి దారపు మెలిక మీద ఉంది. రెబెక్కా తల్లి కూడా రేవు పక్క పేటలో లేసు అల్లి పిల్లల్ని చదివించిన మనిషే. లేసు పని తెలిసినవాళ్ళందరికీ ఒక జాగ్రత్త తెలుసు. సూది తీసేసి అల్లిక అలా వదిలేస్తే, దారం కొస ఎక్కడ తగులుకున్నా అల్లినదంతా జలజలా ఊడిపోతుంది. అందుకని లేచేటప్పుడు ఆఖరి కన్ను పొడుగ్గా లాగి, దానికి పిన్నీసు పెట్టి మరీ లేస్తారు.

ఎర్ర పువ్వు ఆఖరి కన్ను పొడుగ్గా లాగి ఉంది. దానికి పిన్నీసు ఉంది. సూది పక్కనే, చాప అంచున, తొక్కకుండా గోడ వైపుకి జరిపి పెట్టి ఉంది. ఒక్కటే లోటు. ఎర్ర దారం ఉండ కనపడ్డం లేదు. పట్టీ నుంచి జానెడు దారం వదిలి, అక్కడ తెంపి ఉంది.

"ఈ పిన్నీసు ఎవరిదండి?"

"నా గాజుకుండేది. పొద్దున్న అదే అడిగి తీసుకుని తన గాజుకి పెట్టుకుంది," అంది మాణిక్యాంబ. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఆ మాటతో బయటికొచ్చింది.

రెబెక్కా ఆవిడ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, వెనక వసారాలోకి నడిచింది.

ముసలయ్య మంచం మీద లేచి కూర్చుని, అందరి మీదా అలిగినట్టు ఉన్నాడు. ఒళ్ళో తడి ఆరిన తువ్వాలు.

"తాతగారూ, పాప ఇటు వెళ్ళడం చూశారా?"

"ఎలా చూస్తానమ్మా? మొహం మీద తువ్వాలుందిగా."

"ఎవరు కప్పారు?"

"నేనైతే కప్పుకోను, నాకు ఊపిరాడదు. నిద్రలో ఎండ మొహం మీద కొడుతోంది. అటు తిరుగుదామనుకుంటున్నా, ఇంతలో ఎవరో తువ్వాలు తడిపి చల్లగా కప్పారు. చిన్న చెయ్యి. ఇంకెవరికుంది నా గోల ఈ ఇంట్లో, దానికి తప్ప."

"అప్పుడు టైమెంతయి ఉంటుంది?"

"ఈ నెలలో ఎండ నా తలాపికి రెండుంబావుకొస్తుంది. ఆయ్, కావాలంటే రేపు మంచమేసుకుని పడుకుని చూడండి."

శ్రీనివాసరాజు నవ్వాడు. "ముసలాయన తలాపి ఎండతో కేసు నడిపిస్తారా మేడమ్?"

"మీ దగ్గర గడియారం పెట్టుకున్న సాక్షి బుల్లిరాజు గారొక్కరేనండి. ఆయన మాట కూడా రాసుకుంటా."

ఆ మాట అంటూనే ఆమె ముందు వాకిట్లోకి వచ్చింది. అది విని బుల్లిరాజు చొక్కా జేబు తడుముకున్నాడు. తెల్ల చొక్కా. జేబులో మడత పెట్టిన కాగితం అంచు కనపడుతోంది. అర్జీ నకలు కాబోలు అనుకుంది రెబెక్కా.

"సాక్ష్యం కావాలా మీకు?" శ్రీనివాసరాజు ఫోన్ తీసి చూపించాడు. "ఆయన తీసిందే. బాగా చూడండి."

కిటికీ ఊచల్లోంచి తీసిన ఫోటో. చాప మీద శ్రీదుర్గ తల వంచుకుని ఉంది. చేతిలో సూది, ఒళ్ళో పట్టీ. రెబెక్కా ఫోన్ తీసుకుని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె ఇంతసేపు చూస్తే ఏదో దొరికినట్టే అని ఆ జిల్లాలో ఆమెతో పని చేసినవాళ్ళకి తెలుసు. శ్రీనివాసరాజు నవ్వు సగంలో ఆగింది.

"ఇది ఎప్పుడు తీశారండి?" బుల్లిరాజుని అడిగింది.

"పోయిన ఆదివారమండి. మేనకోడల్ని చూద్దామని అంత దూరం నుంచి వస్తే లోపలికి రానివ్వరు కదండీ, ఎవరొచ్చినా మీ సంతకంతో లెటరుండాలంటారు. కిటికీలోంచి చూసేసరికి కడుపు తరుక్కుపోయింది. తీసుకున్నా."

"ఆదివారమేనా?"

"ఆదివారమేనండి. మా షాపుకి సెలవు ఆ రోజే."

"ఇది నాకు వాట్సాప్‌లో వచ్చింది," అన్నాడు శ్రీనివాసరాజు. "తీసిన టైము అందులో ఉండదు. ఆయన మాటే ఆధారం."

"ఉందండి," అంది రెబెక్కా. గుమ్మం వైపు తిరిగింది. "మాణిక్యాంబ గారూ, ఎర్ర దారం ఎప్పుడు కొన్నారు?"

"ఇవాళ పొద్దున్నమ్మా. తొమ్మిదింటికి కొట్టు తియ్యగానే. ఆరు నెలలు నిండాయి కదా, ఈ పువ్వొక్కటీ ఎర్రది కావాలంది."

"అంతకు ముందు ఇంట్లో ఎర్ర దారం ఉండేదా?"

"ఎందుకుంటుందమ్మా? ఏజెంటు ఇచ్చేదంతా తెల్లదే."

రెబెక్కా ఫోన్ ఎస్సై చేతికి తిరిగి ఇచ్చింది. ఫోటోలో పిల్ల వేళ్ళ మధ్య ఉన్నది ఎర్ర దారం. పువ్వు సగం అయింది, ఇప్పుడు చాప మీద ఉన్నంతే.

శ్రీనివాసరాజు మూర్ఖుడు కాదు. ఫోటో చూశాడు, చాప చూశాడు, బుల్లిరాజుని చూశాడు. "ఎన్నింటికొచ్చావయ్యా ఇవాళ?"

"సార్, అదీ..."

"ఎన్నింటికి?"

"రెండు దాటిందండి. ఒక్క నిమిషం నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోయానండి. మళ్ళీ మూడింటికొచ్చా."

"ఆ మధ్యలో గంటా ఎక్కడున్నారు?" రెబెక్కా అడిగింది.

"ఎక్కడుంటే ఏంటండి? సొంత మేనమామని. నాకు హక్కు లేదా? నా దగ్గర..." చెయ్యి మళ్ళీ జేబు మీదకి వెళ్ళింది. అక్కడే ఆగింది. "నా దగ్గర పెరగాల్సిన పిల్లండి అది."

ఆ వాక్యం మొదలైన చోటు వేరు, తేలిన చోటు వేరు. రెబెక్కా దాన్ని మనసులో పెట్టుకుంది.

శ్రీనివాసరాజు కానిస్టేబుల్‌ని పిలిచి బుల్లిరాజుని అరుగు మీద కూర్చోబెట్టించాడు. తర్వాత రెబెక్కా దగ్గరికొచ్చి, ఈసారి కాస్త మర్యాదగా, "ఆయన అబద్ధమాడాడు, సరే. కానీ పిల్ల లేదన్నది అబద్ధం కాదు కదా. అయినా నాకు తెలీక అడుగుతా, మేనమామ ఉండగా పరాయి ఇంట్లో పెంపకమేంటండి? రక్తసంబంధం కంటే మీ కాగితాలెక్కువా?" అన్నాడు.

"చట్టం కూడా ముందు సొంతవాళ్ళనే చూడమంటుందండి. చూశాం. ఎనిమిది నెలలు తునిలోనే ఉంచాం. అరవై ఒక్క రోజులు ఈయన బడి మాన్పించి తన కవల పిల్లల ఉయ్యాల ఊపించాడు. విచారణలో అడగాల్సింది ఎవరి హక్కు పెద్దదని కాదు. ఆ పిల్లకి ఏది మంచిదని. మిగతావాళ్ళందరం, మీరూ నేనూ ఆయనా, ఆ ప్రశ్న తర్వాతే."

"మంచి మాటే. మరి పిల్లేదీ?"

"పారిపోయిన పిల్ల ముసలాయన మొహం మీద ఎండ పడకుండా తువ్వాలు తడిపి కప్పదండి. ఎత్తుకెళ్ళిన పిల్ల కన్ను లాగి పిన్నీసు పెట్టదు. ఇది తిరిగొచ్చి పువ్వు పూర్తి చేసుకుందామని వెళ్ళిన పిల్ల."

"ఎక్కడికి?"

రెబెక్కా పెరటి తలుపు వైపు చూసింది.

"ఈ పేటంతా అడిగించా. పక్క వీధిలో ఒక ముసలమ్మ అయితే, 'ఆ పిల్ల సంగతి నేను చెప్పను' అని మావాడి మొహం మీదే తలుపేసుకుందట. ఇక్కడ లేసు అల్లే ప్రతివాళ్ళకీ పొగరే." గడియారం చూసుకున్నాడు. "ఐదున్నర కావస్తోంది. ఆరు గంటలకి పిల్ల నా కళ్ళ ముందు లేకపోతే మాణిక్యాంబ మీద కేసు రాస్తా. ఇది మీ మీద కోపంతో కాదు. రాయకపోతే రేపు నన్నడుగుతారు."

"మీరు చెప్పింది సబబేనండి," అంది రెబెక్కా. బ్యాగు తీసుకుని పెరటి దారిన బయటికి నడిచింది.

పిల్ల ఎక్కడికి వెళ్ళి ఉంటుందో ఆమెకి తెలుసు. వచ్చినప్పటి నుంచీ తెలుసు. పిల్లని ఈ ఇంటికి ఇచ్చేటప్పుడు నింపిన ఫారంలో ఒక ప్రశ్న రెబెక్కా తనంతట తాను చేర్చింది. నీకు భయమేస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు? వారం తర్వాత అడిగితే శ్రీదుర్గ జవాబు తనే రాసి, కాగితం మడిచి, పిన్ను కొట్టి ఇచ్చింది. పెద్దమ్మ అని తను పిలిచే మాణిక్యాంబకి కూడా చెప్పొద్దంది. ఆ జవాబు చదివిన మనిషి రెబెక్కా ఒక్కతే. అయినా ముందు అక్కడికి పరిగెత్తలేదు. పోలీసు జీపు వెనకేసుకుని వెళ్తే ఆ చోటు ఊరందరికీ తెలిసిపోతుంది. ఒకసారి తెలిశాక అది ఇక దాక్కునే చోటు కాదు. పిల్ల తనంతట తాను వెళ్ళిందని చాప చెప్పాకే కదిలింది.

'శ్యామలాంబ మామ్మ. ఆవిడ ప్రశ్నలడగదు.' అంతే రాసింది పిల్ల.

శ్యామలాంబ విడి పువ్వులన్నీ కలిపి ఒక్క బట్టగా అతికే మనిషి. ఆవిడ ఇల్లు పక్క వీధిలోనే అయినా, పెరటి తలుపు ఈ ఇంటి వెనక సందులోకే ఉంటుంది. రెబెక్కా రెండుసార్లు తట్టింది. లోపల గొళ్ళెం తీసిన చప్పుడైంది. తలుపు నాలుగు వేళ్ళ సందు తెరుచుకుంది, గొలుసు మాత్రం తియ్యలేదు. ఆ సందులో ఒక కన్ను, పిడికిట్లో ఎర్ర దారం ఉండ. ఆ వెనక దీపం కింద శ్యామలాంబ తలెత్తకుండా పువ్వులు అతుకుతోంది.

రెబెక్కా ఆ సందు దగ్గరికి వంగింది.

"బాగున్నావా అమ్మా?"

"బాగున్నా మేడమ్. అటుకులు తిన్నా."

"పెద్దమ్మ ఏడుస్తోంది. ఆరింటిలోపు నువ్వు కనపడకపోతే ఆవిడ్ని స్టేషనుకి తీసుకెళ్తారు. రా, వెళ్దాం."

"లెటరు తెచ్చారా?"

రెబెక్కాకి నవ్వొచ్చింది. "నేను రాసే లెటరు నాకే కావాలా?"

"ఎవరొచ్చినా లెటరు చూడమన్నారు. మీరొచ్చినా అన్నారు."

అన్న మాట నిజమే. ఇంతకు ముందు వచ్చిన ఆరు సార్లూ ఆ లెటరు చూపించే లోపలికి వెళ్ళింది.

"ఇవాళ హడావుడిగా వచ్చానమ్మా. తేలేదు."

"మావయ్య తెచ్చాడు," అంది శ్రీదుర్గ. "కిటికీలోంచి చూపించాడు. నన్ను ఇవాళే ఆయనకి అప్పగించమని ఉంది. కింద మీ సంతకం ఉంది. బట్టలు సర్దుకుని వస్తానని చెప్పి ఇటొచ్చేశా."

తెల్ల చొక్కా జేబు. మడత కాగితం. ఎటో తేలిన వాక్యం. ఆ కాగితం చూపించి బుల్లిరాజు పిల్ల కోసం గంటసేపు ఎదురుచూశాడు. పిల్ల రాకపోయేసరికి దాన్ని జేబులో పెట్టుకుని నోరు మెదపలేదు.

"అది దొంగ సంతకం..." అనబోయి రెబెక్కా ఆగిపోయింది.

పోయిన నెల. జ్వరం. ఆఫీసులో అందరూ మెచ్చుకున్న ఆ ముందుచూపు. శ్రీదుర్గ కోసం ఖాళీ లెటర్‌హెడ్లు రెండు, రెండిటి కిందా తన సంతకం. ఒకటి ఈ ఇంటికి రావడానికే వాడారు. రెండోది ఏమైందని ఆమె ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.

"సంతకం మీదే కదా మేడమ్," అంది పిల్ల. అది ప్రశ్నలా లేదు.

చిన్నపిల్లే కదా అని ఏదో ఒకటి చెప్పొచ్చు. రెబెక్కా చెప్పలేదు. "నాదే అయ్యుండొచ్చమ్మా. పైన ఉన్న మాటలు నావి కావు."

శ్రీదుర్గ ఎర్ర ఉండని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నన్ను అడక్కుండా నన్ను ఎక్కడికీ పంపించరని మీరే చెప్పారు. ఎవరూ అడగలేదు. అంటే ఆ లెటరన్నా అబద్ధం, మీరు చెప్పిందన్నా అబద్ధం. ఏదో తేలేదాకా నేను బయటికి రాను."

ఎన్నో విచారణల్లో కూర్చుంది రెబెక్కా. నల్లకోట్లు వేసుకున్నవాళ్ళు గంటలకొద్దీ వాదించడం విన్నది. పిల్లని అడక్కుండా ఏదీ చెయ్యొద్దని పిల్లల చట్టంలో ఉన్న అసలు మాటని ఇంత సూటిగా చెప్పినవాళ్ళు ఆమెకి గుర్తు లేరు. వీధి చివర జీపు హారన్ మోగింది. చేతి గడియారంలో ఐదూ యాభై రెండు.

"రావొద్దమ్మా," అంది రెబెక్కా. "నువ్వు చేసిందే సరైన పని. నేనొచ్చినా సరే. ఆ లెటరు సంగతీ, దాని కింద నా సంతకం సంగతీ ఎస్సై గారికి నేనే వెళ్ళి చెప్తా."

"సరే మేడమ్. ఏమనుకోకండి."

పిల్ల తలుపు వేసేసింది. లోపల గొళ్ళెం పడింది. దాని మీద గడియ కూడా పడింది.